నిండుగా కనిపించే నీళ్లు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభకు వచ్చిన అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నా సమయం అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

తుంగభద్ర జలాశయం దగ్గర పర్యాటకం గురించి మాట్లాడమన్నారు. కొండల నడుమ అంత నీరు, వరద రోజుల్లో గేట్లు ఎత్తితే లేచే నురగ, పక్కనే ఉద్యానవనం. చూసి తీరాల్సిందే, పిల్లలను కూడా తీసుకెళ్లండి. పర్యాటకం గురించి నాకు తెలిసింది ఇంతే.

ఇక నేను వచ్చిన పని. ఆనకట్ట పూర్తయిన కొత్తలో, 1953 నాటికి, ఇందులో దాదాపు 133 టీఎంసీలు పట్టేవి. 2016 సర్వేలో తేలింది 105.78 టీఎంసీలు. అయిదో వంతు పూడికే! అయినా గట్టు మీద నిలబడి చూస్తే ఏమీ తెలియదు. పూడిక అడుగున ఉంటుంది, పడవ పైన తేలుతుంది. షికారుకు వచ్చినవారికి అది ఎప్పుడూ నిండు జలాశయమే. లోటు ముందుగా తెలిసేది చివరి ఆయకట్టు రైతుకు.

మా పెదనాన్నది దిగువ కాలువ చివరి భూమి. వంతు తప్పిన ఏడాది లస్కరును నిలదీశాడు. "డ్యామ్ నిండిందని పేపర్లో వేశారు కదయ్యా, నా నీళ్లేవి?" పాపం, లస్కరు ఏం చెబుతాడు? తలుపు ఎత్తడం, దించడం అతని పని. పెదనాన్న ఆ పేపరు మడిచి చాలాకాలం జేబులోనే పెట్టుకున్నాడు, అడిగినవాడికీ అడగనివాడికీ చూపించేవాడు. నాకు అక్కడే చిరాకు మొదలైంది. నిండిందని రాసేవారు ఎంత పట్టి నిండిందో ఎందుకు రాయరు?

గేట్ల సంగతీ అంతే. 33 గేట్లనూ ఫొటోలు తీసినవాళ్లం, వాటి గొలుసుల వైపు చూశామా? 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయాకే చూశాం. గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడు గారి బృందం పారే నీటిలోనే స్టాప్‌లాగ్, అంటే గేటు బదులు అడ్డంగా నిలిపే ఉక్కు పలకలు, దించి వారం రోజుల్లో ప్రవాహాన్ని ఆపింది. మెచ్చుకుందాం, తప్పకుండా. కానీ అప్పటికే నదిలోకి పోయిన నీరు ఏ కాలువకూ ఎక్కలేదు.

వెనుక వరుసలో రైతులున్నారు, చేతులెత్తండి. చూశారా అధ్యక్షా, బోటు ఎక్కేవారి కంటే వీరే ఎక్కువ! జలాశయం చూసే చోట ఒక బోర్డు పెట్టించండి. కట్టినప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతుంది, గేట్లను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు. మూడే మూడు వరుసలు. టిక్కెట్టు డబ్బులతోనే పెట్టించవచ్చు.

ప్రశ్నలుంటే అడగండి. బోట్ల వేళల గురించి మాత్రం నిర్వాహకులనే అడగండి.