న్యూట్రిషన్, స్పోర్ట్స్ సైన్స్ చదువుకు డబ్బు ఎక్కడ దొరుకుతుంది? స్కాలర్‌షిప్‌ల రివ్యూ

అందరికీ నమస్తే. న్యూట్రిషన్, డైటెటిక్స్, స్పోర్ట్స్ న్యూట్రిషన్, ఫిజికల్ ఎడ్యుకేషన్ చదువుతున్నవాళ్లకూ, ఇంటర్ అయిపోయి అటువైపు వెళ్దామా అని చూస్తున్నవాళ్లకూ ఈ వీడియో. బీటెక్ వాళ్లకు స్కాలర్‌షిప్ వీడియోలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. మన సబ్జెక్టు దగ్గరికి వచ్చేసరికి "పోర్టల్‌లో అప్లై చేసుకోండి" అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తారు. ఏ స్కీమ్ నిజంగా మనకు పనికొస్తుంది, ఏది పేరుకే ఉంది, ఏది చేతికి వచ్చేసరికి ఏం జరుగుతుంది, ఇవాళ అవన్నీ విడమర్చి మాట్లాడుకుందాం.

ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకోండి. మిగతా వీడియో అంతా దీని మీదే నడుస్తుంది. మన దేశంలో న్యూట్రిషన్ ఒక్క శాఖ కింద లేదు. అదే సబ్జెక్టును వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కమ్యూనిటీ సైన్స్ కింద చెప్తారు, అక్కడ డబ్బులిచ్చేది ఐకార్, అంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి. ఉస్మానియాలోనో, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో చదివితే యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం లెక్కలో అది హోమ్ సైన్స్. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, మనందరం ఎన్ఐఎన్ అంటాం కదా, అది ఐసీఎంఆర్ కింద పనిచేస్తుంది, అంటే వైద్య పరిశోధన వైపు. వ్యాయామ టీచర్ల డిగ్రీ బీపీఈడీ ఏమో టీచర్ ట్రైనింగ్ కోర్సుల్లో లెక్క. క్లాసులో చెప్పే ప్రొటీన్లు, విటమిన్లు, ఎనర్జీ లెక్కలు చాలావరకు ఒకటే. కానీ మీ సర్టిఫికెట్ మీద కోర్సు పేరు ఏముంది, ఆ యూనివర్సిటీ ఎవరి కింద ఉంది, దాన్ని బట్టే మీకు డబ్బులు వచ్చే దారి మారిపోతుంది. ఈ సంగతి చాలామందికి సీటు తీసుకున్నాక తెలుస్తుంది. అప్పటికే ఆలస్యం.

ఒక ఉదాహరణ. ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ అని సైన్స్ పిల్లలకు బాగా పేరున్న స్కీమ్ ఉంది. దాని సబ్జెక్టుల జాబితాలో బయోకెమిస్ట్రీ ఉంది, మైక్రోబయాలజీ ఉంది, జువాలజీ, బోటనీ ఉన్నాయి. న్యూట్రిషన్ విడిగా లేదు. మనం చదివేదాంట్లో చాలా భాగం బయోకెమిస్ట్రీనే అయినా సరే. అలాగే ఆడపిల్లలకు ఏడాదికి 50,000 ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏఐసీటీఈ ఆమోదం ఉన్న టెక్నికల్ కోర్సులకే. మామూలు బీఎస్సీ న్యూట్రిషన్‌కు రాదు. ఈ రెండిటి కోసం టైమ్ పాడుచేసుకోకండి.

ఇక మనకు వచ్చేవి. తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికంటే పెద్ద ఆధారం ఫీజు రీయింబర్స్‌మెంటే. తెలంగాణలో ఈపాస్ వెబ్‌సైట్ ద్వారా. ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి 2 లక్షల ఆదాయం లోపు, బీసీ, ఈబీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. హాజరు 75 శాతం ఉండాలి. మన కోర్సుకు ఇది ఎందుకు ముఖ్యమంటే, ఇక్కడ సబ్జెక్టు పేరుతో పేచీ లేదు. గుర్తింపు ఉన్న కాలేజీ, రెగ్యులర్ కోర్సు, కన్వీనర్ ద్వారా వచ్చిన సీటు అయితే చాలు. డిగ్రీకి దోస్త్, పీజీకి సీపీగెట్, బీపీఈడీకి పీఈసెట్. ఈ దారిలో వచ్చిన సీటు ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాలో గానీ, స్పాట్ అడ్మిషన్‌లో గానీ చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. "ఇప్పుడు స్పాట్‌లో చేరిపో అమ్మా, స్కాలర్‌షిప్ సంగతి తర్వాత చూద్దాం" అని కాలేజీ ఆఫీసులో ఎవరైనా అంటే నమ్మకండి. న్యూట్రిషన్ సీట్లు కౌన్సెలింగ్‌లో మిగిలిపోవడం, వాటిని స్పాట్‌లో నింపడం తరచూ జరుగుతుంది కాబట్టి మనవాళ్లే ఎక్కువగా ఇందులో ఇరుక్కుంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో పీజీ చేయబోతున్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. 2020 చివర్లో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేశారు. ప్రభుత్వ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చేస్తే ఒక లెక్క, ప్రైవేటు కాలేజీలో చేస్తే ఇంకో లెక్క అయింది. చేరే ముందు ఈ ఏడాది ఉత్తర్వు ఏం చెప్తోందో కాలేజీని కాగితం మీద రాసి ఇమ్మనండి. నోటి మాట పనికిరాదు.

రీయింబర్స్‌మెంట్ మీద నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పథకంగా దీన్ని మించింది లేదు. వేల మంది ఆడపిల్లలు డిగ్రీ గడప తొక్కింది దీనివల్లే. కానీ డబ్బు విడుదల మాత్రం చాలా బాధ పెడుతోంది. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ చేసే దాకా వెళ్లింది. ఆ బకాయి భారం చివరికి ఎవరి మీద పడుతుందో చూడండి. కోర్సు అయిపోతుంది, హాస్పిటల్‌లో డైటీషియన్ ఉద్యోగం వస్తుంది, వాళ్లు ఒరిజినల్స్ అడుగుతారు. కాలేజీ ఏమో "ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదు, నువ్వు కట్టు, వచ్చాక తిరిగిస్తాం" అంటుంది. ఇలా టీసీ కోసం అప్పు చేసినవాళ్లు నాకు తెలుసు. అర్హత ఉన్న అమ్మాయిని బాకీదారులా నిలబెట్టడం చాలా అన్యాయం. ఇది గట్టిగా అడగాల్సిన విషయం.

ఇప్పుడు కేంద్రం వైపు చూద్దాం. సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. ఇంటర్‌లో మీ బోర్డులో 80 పర్సంటైల్ పైన, అంటే మార్కుల్లో మొదటి 20 శాతం మందిలో ఉండి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000 వస్తాయి. ఏ కోర్సైనా పర్వాలేదు, రెగ్యులర్‌గా చదవాలి అంతే. ఇది తీసుకుంటే ఇంకో స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. కాబట్టి లెక్క వేసుకోండి. ఆదాయం రెండు లక్షల లోపు ఉండి ఫీజు మొత్తం రీయింబర్స్‌మెంట్‌లో వచ్చే అవకాశం ఉంటే అదే మేలు. ఆదాయం మూడు, నాలుగు లక్షల మధ్య ఉన్న ఇళ్లు ఉంటాయి కదా, చిన్న కిరాణా కొట్టు, ప్రైవేటు ఉద్యోగం, ఏ పథకంలోనూ పట్టరు. వాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

దీనికి అప్లై చేసేది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. ముందు ఓటీఆర్, అంటే ఒక్కసారి చేసే రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. ఆధార్‌తో ఫేస్ అథెంటికేషన్ చేస్తే 14 అంకెల నంబరు వస్తుంది, అది మీ చదువు మొత్తానికి ఒక్కటే. ఫారమ్‌లో కాలేజీ ఎంచుకున్నాక కోర్సు పేరు డ్రాప్‌డౌన్‌లో వస్తుంది. ఇక్కడ ఆగండి. మీది బీఎస్సీ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ అయితే అక్కడ ఒట్టి బీఎస్సీ అనో, హోమ్ సైన్స్ అనో ఉండొచ్చు. కొన్ని కాలేజీలు తమ కోర్సును పోర్టల్‌లో ఎక్కించనే లేదు. దగ్గరగా ఉందని ఏదో ఒకటి నొక్కేస్తే, కాలేజీ వెరిఫికేషన్‌లో బోనఫైడ్ మీద ఒక పేరు, ఫారమ్ మీద ఇంకో పేరు కనిపించి డిఫెక్ట్ అని వెనక్కి పంపిస్తారు. ఆ మెసేజ్ మీరు చూసుకోకపోతే ఏడాది పోయినట్టే. ముందే కాలేజీలో స్కాలర్‌షిప్ పని చూసే సార్ దగ్గరికి వెళ్లి కోర్సు జోడించమని అడగండి. ఆ పని కాలేజీ నోడల్ ఆఫీసర్ లాగిన్‌లోనే అవుతుంది. ఇంకొకటి, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అయితే సరిపోదు, ఆధార్ ద్వారా వచ్చే డబ్బు ఆ ఖాతాలోనే జమ అయ్యేలా ఎన్‌పీసీఐ మ్యాపింగ్ కూడా బ్యాంకులో చేయించుకోవాలి. ఈ రెండూ ఒకటే అనుకుని టెన్షన్ పడేవాళ్లు ఎంతమందో.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన దారి చెప్తాను. మన ఇంటర్ పిల్లల్లో చాలామందికి దీని గురించి తెలియదు. ఐకార్ దారి. డిగ్రీకైతే సీయూఈటీ అనే జాతీయ ఎంట్రెన్స్ రాసి, ఐకార్ కౌన్సెలింగ్ ద్వారా వేరే రాష్ట్రంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేరితే నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ వస్తుంది. డిగ్రీలో నెలకు 3,000, పీజీలో నెలకు 5,000. సొంత రాష్ట్రంలో చేరితే రాదు. గుంటూరు అమ్మాయి గుంటూరు కమ్యూనిటీ సైన్స్ కాలేజీలోనే చేరితే ఇది లేదు, కర్ణాటకలోని ధార్వాడ వెళ్తే ఉంది. పిల్లలు ఊరు దాటి చదవాలనే పెట్టారు. పీజీ ఎంట్రెన్స్‌లో మంచి ర్యాంకు వస్తే ఐకార్ పీజీ స్కాలర్‌షిప్ (పాత పేరు జేఆర్ఎఫ్) కూడా ఉంది, నెలకు 12,640. ఎమ్మెస్సీ చదువుతూనే ఇంత డబ్బు ఇచ్చే దారులు మన సబ్జెక్టులో చాలా తక్కువ. వ్యవసాయ వర్సిటీ అంటే పొలం పని అనుకుని ఇంట్లో వద్దంటారు. సైఫాబాద్‌లోని కమ్యూనిటీ సైన్స్ కాలేజీకి ఒకసారి తీసుకెళ్లి చూపించండి. అక్కడ ఫుడ్ ల్యాబ్ చూశాక అమ్మానాన్నల అభిప్రాయం మారుతుంది.

ఇవి గాక ప్రైవేటు ఫౌండేషన్లు. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు, కోర్సు మొత్తానికి 2 లక్షల దాకా ఇస్తుంది. ఏ సబ్జెక్టైనా సరే. ఇంటర్‌లో 60 శాతం, ఇంటి ఆదాయం 15 లక్షల లోపు ఉండాలి, రెండున్నర లక్షల లోపు వాళ్లకు ప్రాధాన్యం. ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ఉంటుంది, దానికి ప్రాక్టీస్ చేయకుండా కూర్చోకండి. ప్రభుత్వ బడిలో, ప్రభుత్వ కాలేజీలో పది, ఇంటర్ చదివిన ఆడపిల్లలకు అజీమ్ ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్ ఏడాదికి 30,000. రాష్ట్రాల జాబితా చూసుకుని అప్లై చేయండి.

పీజీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకు యూజీసీ నేషనల్ స్కాలర్‌షిప్, నెలకు 15,000 చొప్పున ఏడాదికి పది నెలలు. డిగ్రీ మార్కుల మీద ఇస్తారు, 30 ఏళ్లు దాటకూడదు. ఇక్కడా సబ్జెక్టులను గుంపులుగా విడదీసి పంచుతారు కాబట్టి మీ కోర్సు ఏ గుంపులో పడుతోందో ఫారమ్ నింపేటప్పుడు చూసుకోండి.

పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు మాత్రం లెక్క చాలా స్పష్టం. యూజీసీ నెట్, జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. న్యూట్రిషన్ వాళ్లు హోమ్ సైన్స్ పేపర్ రాస్తారు, వ్యాయామ విద్య వాళ్లకు ఫిజికల్ ఎడ్యుకేషన్ పేపర్ ఉంది. అందులో జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జూనియర్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) కింద 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. హోమ్ సైన్స్ పేపర్‌లో బట్టలు, కుటుంబ వనరులు, పిల్లల ఎదుగుదల కూడా వస్తాయి. ఎన్ఐఎన్‌లో అప్లైడ్ న్యూట్రిషన్ గానీ, స్పోర్ట్స్ న్యూట్రిషన్ గానీ చేసినవాళ్లు అవి ఎన్నడూ చదివి ఉండరు. మన సబ్జెక్టులో దిట్ట అయినవాళ్లు టెక్స్‌టైల్స్ ప్రశ్నల దగ్గర మార్కులు పోగొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్ నుంచే ఆ యూనిట్లు మొదలుపెట్టండి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే 2024 నుంచి పీజీ లేకుండానే నెట్ రాయొచ్చు, అది కూడా గుర్తుంచుకోండి.

విదేశాల్లో స్పోర్ట్స్ న్యూట్రిషన్, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ చేయాలని చాలామంది అడుగుతున్నారు. తెలంగాణ ఓవర్సీస్ పథకాలు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు విడివిడిగా ఉన్నాయి. 20 లక్షల దాకా ఇస్తారు, ఆదాయం 5 లక్షల లోపు ఉండాలి. మంచి పథకం. కాకపోతే డబ్బు రెండు విడతల్లో వస్తుంది, 10 లక్షలు అక్కడ చేరాక, మిగతా 10 మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. అంటే వీసాకు, డిపాజిట్‌కు, టికెట్‌కు కావాల్సింది ముందు మీరే సమకూర్చుకోవాలి. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, స్కాలర్‌షిప్ రాగానే కడతాం అనుకోకండి. బ్యాంకు లోన్ శాంక్షన్ చేయించుకుని, స్కాలర్‌షిప్ వచ్చాక దాన్ని తగ్గించుకోవడం నయం. దేశంలో చదివేవాళ్లకైతే పీఎం విద్యాలక్ష్మి అనే చదువు లోన్ పథకం ఉంది. మీ కాలేజీ ఆ పథకం జాబితాలో ఉంటే పూచీకత్తు అడగరు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు అయితే 10 లక్షల వరకు లోన్ మీద 3 శాతం వడ్డీ రాయితీ.

చివరగా ఎవరూ లెక్కలోకి తీసుకోని ఖర్చు ఒకటి ఉంది. రిజిస్టర్డ్ డైటీషియన్ కావాలంటే పరీక్షకు ముందు హాస్పిటల్‌లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. చాలాచోట్ల స్టైపెండ్ ఉండదు, కొన్నిచోట్ల ఎదురు ఫీజు తీసుకుంటారు. పొద్దున్నే వార్డు రౌండ్లకు వెళ్లి, ట్యూబ్ ఫీడ్ లెక్కలు వేసి, మధ్యాహ్నం కిచెన్‌లో ట్రేలు చెక్ చేసే అమ్మాయికి హాస్టల్ ఖర్చు ఇంటి నుంచే రావాలి. కోర్సు అయిపోయింది కాబట్టి రీయింబర్స్‌మెంట్ ఉండదు, ఉద్యోగం కాదు కాబట్టి జీతం ఉండదు. దీనికి నేను చూసినంతలో ఏ స్కీమూ లేదు, ఉండాలి. ప్రస్తుతానికి ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేసేటప్పుడే ఫీజు ఎంత, స్టైపెండ్ ఉందా, మెస్ ఉచితమా అని మూడూ అడిగేయండి. మొహమాటపడొద్దు. ఆ ఆరు నెలల ఖర్చును ఎమ్మెస్సీలో చేరిన రోజే బడ్జెట్‌లో రాసిపెట్టుకోండి.

మీ కోర్సు పేరు సర్టిఫికెట్ మీద ఎలా ఉందో అలాగే, యూనివర్సిటీ పేరుతో కలిపి కామెంట్లో రాయండి. ఏ దారిలో వెళ్లాలో ఒక్కొక్కరికీ జవాబు ఇస్తాను. ఆదాయం వివరాలు, ఆధార్ నంబర్లు మాత్రం అక్కడ పెట్టకండి.