లెక్క తేలని చోట మొదలయ్యే చదువు

శ్రోతలకు నమస్కారం.

చదువంతా ముగించి, పట్టా చేతికొచ్చాక అకౌంట్స్ విభాగంలో చేరేవాళ్లు కొందరు. మరికొందరు ముందే పనిలో చేరి, ఎంతో కొంత జీతం అందుకుంటూ, ఒకపక్క పాఠాలు వింటూ సహాయ అకౌంటెంటుగా తయారవుతారు. ఈ రెండో దారి పేరు అప్రెంటిస్‌షిప్. చదువు అబ్బనివాళ్లు పట్టే దారి అని దీన్ని చిన్నచూపు చూడటం నాకు బొత్తిగా నచ్చదు. 1494లో వెనిస్‌లో ఇటలీ గణితవేత్త లూకా పాచియోలి తన గణిత గ్రంథంలో జంట పద్దు విధానాన్ని, అంటే ప్రతి లావాదేవీని ఒక ఖాతాలో డెబిట్‌గా, మరో ఖాతాలో క్రెడిట్‌గా రాసే పద్ధతిని, వివరించి అచ్చు వేయించాడు. దాన్ని ఆయన కనిపెట్టలేదు. వర్తకులు అప్పటికే తమ కొట్లలో రాసుకుంటున్న తీరునే పుస్తకానికి ఎక్కించాడు. అంటే ఈ విద్యలో పని ముందు పుట్టింది, పాఠం తరువాత వచ్చింది.

కొత్తగా చేరినవారి బల్ల మీదికి సాధారణంగా మొదట వచ్చేవి కొనుగోలు బిల్లులు. చూడటానికి విసుగు పుట్టించే పని. ఆర్డరు కాగితం, సరుకు అందినట్టు రసీదు, సరఫరాదారు పంపిన బిల్లు, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. నలభై పెట్టెలకు ఆర్డరు ఇచ్చారు, బిల్లు నలభైకి వచ్చింది, గిడ్డంగి రసీదులో మాత్రం ముప్ఫై ఎనిమిదే ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి? కుర్చీలోంచి లేవాలి. గిడ్డంగికి వెళ్లి అడిగితే, రెండు పెట్టెలు తడిసిపోతే అప్పుడే తిప్పి పంపామంటారు. ఆ రెండింటి ధర తగ్గిస్తున్నట్టు సరఫరాదారు నుంచి కాగితం, అంటే క్రెడిట్ నోటు, రావాలి. వచ్చేదాకా ఫోన్లు చేయాలి, రాకపోతే ఆ బిల్లును పక్కన పెట్టాలి. పాఠ్యపుస్తకంలో క్రెడిట్ నోటుకు దక్కేది ఒక్క వాక్యం. ఆఫీసులో దాని వెనకాల ఒక్కోసారి వారమంతా తిరగాలి.

బ్యాంకు సమన్వయ పట్టిక దగ్గరికి వచ్చేసరికి అసలు రుచి తెలుస్తుంది. మన నగదు పుస్తకంలోని నిల్వ ఒకటి, బ్యాంకు చూపే నిల్వ మరొకటి. ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకు చేరకపోవచ్చు. బ్యాంకు తన రుసుము కోసుకున్న సంగతి మనం రాసుకోకపోవచ్చు. ఇవన్నీ సర్దాక కూడా 270 తేడా మిగిలిందనుకోండి. అనుభవం ఉన్నవాళ్లు ముందు దాన్ని తొమ్మిదితో భాగిస్తారు. శేషం లేకుండా పోతే, ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయేమోనని వెతుకుతారు. 5,742 బదులు 5,472 రాస్తే తేడా సరిగ్గా 270. పక్కపక్క అంకెలు చోటు మారితే వచ్చే తేడాను తొమ్మిది ఎప్పుడూ భాగిస్తుంది. అంకణా, అంటే డెబిట్లు, క్రెడిట్లు సమానమా అని చూసే పట్టిక (ట్రయల్ బ్యాలెన్స్), కుదరనప్పుడు తేడాలో సగానికి సమానమైన మొత్తం కోసం వెతకడం ఇలాంటిదే మరో కిటుకు. డెబిట్ వైపు వేయాల్సిన 640ని క్రెడిట్ వైపు వేస్తే తేడా 1,280 అవుతుంది మరి.

ఇప్పుడు కంప్యూటరే అన్నీ చూసుకుంటుంది కదా అనవచ్చు. నిజమే, రెండు వైపులా సమానంగా లేని పద్దును సాఫ్ట్‌వేర్ అసలు తీసుకోదు. నన్నడిగితే చిక్కంతా అక్కడే ఉంది. కొత్త యంత్రం కొన్న మొత్తాన్ని మరమ్మతుల ఖాతాలో వేసినా అంకణా చక్కగా కుదురుతుంది. లాభం మాత్రం ఉన్నదానికంటే తక్కువ కనబడుతుంది, ఆస్తుల్లో యంత్రం ఉండదు, దాని మీద తరుగుదలా పడదు. ఇలాంటి తప్పు పట్టుకోవాలంటే ఆ బిల్లు దేనిదో చదివి అర్థం చేసుకునే మనిషి కావాలి. శిక్షణలో అలవడాల్సింది ఆ చదివే చూపే.

అందుకని చేరే ముందే ఒక మాట అడగండి: ఏ విభాగంలో ఎన్నాళ్లు ఉంచుతారు? కొన్ని చోట్ల బిల్లుల బల్ల దగ్గర కూర్చోబెట్టి, శిక్షణకాలం ముగిసేదాకా అక్కడే మరిచిపోతారు. వాళ్లకు కావాల్సింది చవకగా దొరికే గుమాస్తా. రావలసిన బాకీలు, జీతాల పట్టీ, నెలాఖరు సర్దుబాట్లు, కనీసం ఈ మూడూ చేతికి తగలకపోతే ఆ శిక్షణకు అర్థం లేదు. ముఖ్యంగా నెలాఖరు. వాడేసిన కరెంటుకు బిల్లు ఇంకా రాలేదు, బీమా ప్రీమియం మాత్రం ఏడాది మొత్తానికీ ముందే కట్టేశారు. ఈ నెల ఖర్చులో ఏది ఎంత చేరుతుందో తేల్చడం ఒకసారి చేతికొస్తే, పరీక్షలో ఆ ప్రశ్న భయపెట్టదు.

ఇంకొకటి, జీతాల పట్టీ చేతికొచ్చిన రోజు నుంచి ఎవరి జీతం ఎంతో బయటపెట్టకుండా నోరు అదుపులో పెట్టుకోవాలి. అలాగే పద్దు వేసేవారు, దాన్ని ఆమోదించేవారు వేర్వేరుగా ఉండటం ఈ వృత్తిలో ప్రాథమిక కట్టుబాటు. "తొందరలో ఉన్నాను, నా పాస్‌వర్డ్‌తో నువ్వే ఆమోదించేయ్" అని పై అధికారి అన్నా సరే, మర్యాదగా కాదనండి. రేపు ఆ పద్దు మీద ప్రశ్న వస్తే చేసింది మీరే అవుతారు.

చేసిన పనిని తేదీలతో సహా ఒక పుస్తకంలో రాసుకుంటూ, పర్యవేక్షకుల సంతకం ఎప్పటికప్పుడు తీసుకోండి. పై చదువులకు వెళ్తే అది అక్కరకొస్తుంది. బ్రిటన్‌కు చెందిన అకౌంటెంట్ల వృత్తి సంస్థ ఏసీసీఏలో సభ్యత్వానికి పరీక్షలు గట్టెక్కడంతో పాటు 36 నెలల పని అనుభవం కూడా చూపాలి. ఏడాది తరువాత అడిగితే, సంతకం పెట్టాల్సినవారు ఉద్యోగం మారి వెళ్లిపోయి ఉండవచ్చు.

నమస్కారం.