ఎమ్మెస్ అంటే ఏంటి? ముందు ఎవరిని అడుగుతున్నారో చెప్పండి

(తెర మీద తెల్ల కాగితం. గొలుసుకట్టు చేతిరాతలో రెండు ముక్కలు.)

"ఎమ్మెస్ ఉన్న పేషెంటు. ఎమ్మెస్ ఇవ్వండి."

ఒక కేస్ షీట్‌లో ఇలా రాసి ఉందనుకోండి. మొదటి ఎమ్మెస్ జబ్బు, రెండోది మందు. అంతవరకూ ఎవరైనా పోల్చుకుంటారు. మరి ఏ జబ్బు? ఏ మందు? ఈ కాగితాన్ని కాసేపు పక్కన పెడదాం. ఈ రెండక్షరాలు ఇంకా ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో చూసొచ్చాక మళ్లీ తీద్దాం.

(వెల్డింగ్ మెరుపులు.)

వెల్డింగ్ చేసేవాళ్లని అడగండి. ఎమ్మెస్ పైపు, ఎమ్మెస్ యాంగిల్, ఎమ్మెస్ షీటు అంటారు. మైల్డ్ స్టీల్ అన్నమాట. కార్బన్ తక్కువ, దాదాపు 0.25 శాతం లోపే. అందుకే వంచితే వంగుతుంది, అతుకు బాగా పడుతుంది. పెయింట్ వేయకుండా వదిలేస్తే తుప్పూ అంతే బాగా పడుతుంది.

పేరు పక్కన డిగ్రీగా ఉంటే మాస్టర్ ఆఫ్ సైన్స్. ఆ పేరు డాక్టరుదైతే మాస్టర్ ఆఫ్ సర్జరీ కావచ్చు. ఓడ పేరు ముందుంటే మోటార్ షిప్. రసాయన ల్యాబ్‌లో అయితే మాస్ స్పెక్ట్రోమెట్రీ, అంటే అణువుల బరువుని బట్టి పదార్థాన్ని పోల్చుకునే పద్ధతి. ఇక మనుషుల పేర్ల ముందు ఇనీషియల్స్‌గా వచ్చే ఎమ్మెస్‌ల జోలికి నేను వెళ్లను. అవి మొదలుపెడితే ఈ వీడియో ఇవాళ పూర్తి కాదు.

పాత పుస్తకాల మీద పనిచేసేవాళ్లకి ఎమ్మెస్ అంటే రాతప్రతి. మూలం లాటిన్‌లో ఉంది: మాను అంటే చేత్తో, స్క్రిప్టస్ అంటే రాసినది. ప్రతులు ఒకటికి మించితే చివర ఇంకో ఎస్ చేరుస్తారు. తమాషా ఏంటంటే, రచయిత కంప్యూటర్‌లో టైపు చేసి ఈమెయిల్‌లో పంపినదాన్ని కూడా పబ్లిషర్లు ఇప్పటికీ ఎమ్మెస్ అనే అంటారు. అంటే ఎమ్మెస్ వర్డ్‌లో కొట్టిన ఎమ్మెస్. అందులో చెయ్యి తగిలిన అక్షరం ఒక్కటీ ఉండదు.

(తెర మీద ఎమ్, ఎస్. పెద్దవీ చిన్నవీ మారుతూ.)

తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే గొడవ లేదు. ఎలా ఉన్నా "ఎమ్మెస్" అనేస్తాం. ఆ సుఖానికి అలవాటు పడి ఒక తేడా మన కంటికి ఆనదు. ఇంగ్లీషులో రెండూ చిన్నక్షరాలైతే మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు. ఆన్‌లైన్ గేమ్‌లు ఆడేవాళ్లు పింగ్ అంటూ చూసుకునే అంకె ఇందులోనే ఉంటుంది. ఇప్పుడు ఎమ్ ఒక్కదాన్నే పెద్దది చేయండి. మెగాసెకను అయింది, అంటే పది లక్షల సెకన్లు. రోజుల్లో చూస్తే దాదాపు పదకొండున్నర. ఒక్క అక్షరం ఎత్తు పెరిగేసరికి కాలం వంద కోట్ల రెట్లయింది!

ఈసారి ఎమ్‌ని చిన్నగానే ఉంచి ఎస్‌ని పెద్దది చేద్దాం. ఇక అది కాలమే కాదు, మిల్లీసీమెన్స్. కరెంటు ఒకదాంట్లోంచి ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే కొలత. నీళ్లలో లవణాలు ఏ పాటి ఉన్నాయో చూసే మీటర్ల మీద కనిపిస్తుంది. ఎస్ ఎందుకు పెద్దదయిందంటే, మనిషి పేరు మీద వచ్చిన కొలతల గుర్తు పెద్ద అక్షరంతో మొదలవ్వాలన్నది నియమం. ఇక్కడ ఆ మనిషి జర్మన్ ఇంజినీరు వెర్నర్ ఫాన్ సీమెన్స్. ఆయన పేరుతో ఉన్న ఈ కొలతకి 1971లో అంతర్జాతీయ ప్రమాణాల్లో చోటు దక్కింది. సెకను ఎవరి పేరూ కాదు కాబట్టి చిన్న ఎస్‌తోనే సరిపెట్టుకుంది.

మధ్యలో ఏటవాలు గీత వస్తే? చిన్న ఎమ్‌తో సెకనుకి ఇన్ని మీటర్లు. పెద్ద ఎమ్‌తో మెసర్స్, కంపెనీల పేర్ల ముందు పెట్టే మర్యాద.

మర్యాద అంటే గుర్తొచ్చింది. ఆడవాళ్ల పేర్ల ముందు వచ్చే "మిజ్" కూడా ఈ రెండక్షరాలే. మిస్ అంటే పెళ్లి కానట్టు, మిసెస్ అంటే అయినట్టు. మగవాళ్లకి మాత్రం రెంటికీ ఒక్క మిస్టరే. ఈ తేడా వద్దంటూ 1901లోనే అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పత్రికలో ఒకరు ఈ మాట సూచించారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1970ల స్త్రీవాద ఉద్యమం దాన్ని పైకి తెచ్చాక కూడా న్యూయార్క్ టైమ్స్ తన వార్తల్లో వాడటానికి 1986 దాకా ఆగింది. ఎనభై ఐదేళ్లు, రెండక్షరాల కోసం.

(మళ్లీ మొదటి కాగితం.)

ఇప్పుడు కేస్ షీట్ తీద్దాం. నరాల డాక్టరు చదివితే ఎమ్మెస్ అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్. మన రోగనిరోధక శక్తే తిరగబడి నరాల మీది మైలిన్ తొడుగుని దెబ్బతీస్తుంది. మెదడులో, వెన్నుపాములో అక్కడక్కడ మచ్చలు గట్టిపడతాయి కాబట్టి ఆ పేరు. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా వివరించాడు. అదే కాగితం గుండె డాక్టరు చేతిలో పడితే మైట్రల్ స్టెనోసిస్. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉన్న కవాటం ఇరుకైపోవడం. పేషెంటు ఏ విభాగంలో ఉన్నాడో చూస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

మందు దగ్గర అలా కాదు. మార్ఫిన్ సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్ రెండూ పొడి అక్షరాల్లో ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. మొదటిది తీవ్రమైన నొప్పికి. రెండోది గర్భిణులకి రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉన్నప్పుడు ఇచ్చేది. మార్ఫిన్ మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటే మెగ్నీషియం సల్ఫేట్‌ది గ్రాముల్లో. ఏది మించినా ఊపిరి మందగిస్తుంది, విరుగుళ్లు మాత్రం వేరు: మార్ఫిన్‌కి నలోక్సోన్, మెగ్నీషియానికి కాల్షియం గ్లూకోనేట్. నర్సు ఏదో ఒకటి అనుకుని ఇచ్చేసే వ్యవహారం కాదు.

అందుకే అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ఒక "వాడకూడని" జాబితా పెట్టింది. ఎమ్మెస్ అందులో ఉంది. ఏ మందో పూర్తి పేరు రాయాలి. రాయడానికి రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది, అంటే రెండువేల ఎమ్మెస్.

(తెర మీద వెబ్ చిరునామా, చివర డాట్ ఎమ్మెస్.)

ఒక్కటి మిగిలింది. వెబ్ చిరునామా చివర డాట్ ఎమ్మెస్ చూసి చాలామంది మైక్రోసాఫ్ట్ అనుకుంటారు. అది మోంట్‌సెరాట్ అనే కరీబియన్ ద్వీపానిది. 1995లో అక్కడ అగ్నిపర్వతం మేలుకుని, రెండేళ్లలో రాజధాని ప్లిమత్‌ని బూడిదలో కప్పేసింది. మైక్రోసాఫ్ట్ మనకి పంపే పొట్టి లింకుల చివర ఉండేది ఆ ద్వీపం గుర్తే.