మెషిన్ పెట్టుకున్నా పాఠం ఎందుకు అర్థం కాదు?

"మెషిన్ పెట్టుకుంది కదా, ఇంకా వినిపించకపోవడం ఏంటి?" వినికిడి లోపం ఉండి, చెవికి మెషిన్ (హియరింగ్ ఎయిడ్) పెట్టుకునే పిల్లల గురించి ఈ మాట ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ ఒక్క మాటతో తప్పంతా పిల్లల మీదకు పోతుంది. శ్రద్ధ లేదంటారు, పరధ్యానం అంటారు. అసలు సంగతేంటో చూద్దాం.

అక్కడక్కడా అక్షరాలు చెరిగిపోయిన ఒక పేజీ ఊహించుకోండి.

[స్క్రీన్ మీద: పు _ _ ం _ _ _ దువు]

దీన్ని పెద్ద సైజులో జిరాక్స్ తీయించాం. మసకగా ఉన్న అక్షరాలు కాస్త కనిపిస్తాయి. పూర్తిగా చెరిగినవి మాత్రం తిరిగి రావు, ఆ ఖాళీలు కూడా పెద్దవవుతాయి. హియరింగ్ ఎయిడ్ చేసేది దాదాపు ఇదే, శబ్దాన్ని పెద్దది చేస్తుంది. చాలా ఉపయోగం ఉంది, కానీ లోపలి చెవి అందుకోలేని శబ్దాన్ని అది పుట్టించలేదు.

ఏ అక్షరాలు చెరుగుతాయి? చాలామందిలో ఎక్కువ దెబ్బతినేది హై ఫ్రీక్వెన్సీ, అంటే సన్నగా, కీచుగా ఉండే శబ్దాలు వినే శక్తి. స, శ లాంటి ధ్వనుల బలమంతా దాదాపు అక్కడే, పైగా అవి మెల్లగా వినిపించే ధ్వనులు. అ, ఓ లాంటి అచ్చులు కింది ఫ్రీక్వెన్సీల్లో, గట్టిగా ఉంటాయి. అందుకే పేరు పెట్టి పిలిస్తే పాప తల తిప్పి చూస్తుంది. పాఠం చెబితే అర్థం కాదు. "కావాలనే చేస్తోంది" అనే అపోహ ఇక్కడే పుడుతుంది.

మళ్ళీ మన పేజీకి వద్దాం. "పుస్తకం తీసి చదువు" అని మీరు ఊహించి ఉంటారు. ఎలా? ఆ మాటలు మీకు ముందే తెలుసు కాబట్టి. మరి అదే చోట "కిరణజన్య సంయోగక్రియ" ఉంటే? జీవితంలో మొదటిసారి వింటున్న మాటలో ఖాళీలు ఎవరు పూరించగలరు? బడి అంటేనే రోజూ కొత్త మాటలు. నా దృష్టిలో అసలు కష్టం ఇదే, దీని గురించి ఎవరూ మాట్లాడరు. కొత్త మాటలు పాఠానికి ముందే బోర్డు మీద రాసి ఉంచితే ఎంత తేడా వస్తుందో!

"పెదాలు చూసి అర్థం చేసుకోవచ్చుగా?" అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా పాట, బాట, మాట అనండి. మూడూ ఒకేలా కనిపిస్తాయి. క, గ నోటి వెనక భాగంలో పుడతాయి, పెదాల మీద దాదాపు ఏమీ తెలియదు. ఇక టీచర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడితే ఆ కాస్త కూడా పోతుంది.

దీనికి తోడు దూరం, గోల. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపైతే మాట బలం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫ్యాన్లు, బెంచీల చప్పుడు, ప్రతిధ్వని చేరితే అసలే చెరిగిన పేజీ మీద సిరా ఒలికినట్టే. అలాంటి పేజీలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊహిస్తూ చదివితే మెదడు అలిసిపోతుంది. ఆఖరి పీరియడ్‌లో తల వాల్చేసిన పిల్లల్ని దయచేసి సోమరి అనకండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం: అక్కడ శబ్దాన్ని అందుకునే వేల కేశకణాల పనిని సాధారణంగా 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లతో చేయిస్తారు. ఆపరేషన్ అయ్యాక వినడం నేర్చుకోవాలి, థెరపీ కావాలి.

సైన్ లాంగ్వేజ్, అంటే సైగల భాష: కళ్ళతో చూసేది కాబట్టి ఇది ఒక్క అక్షరం కూడా చెరగని పేజీ. సొంత వ్యాకరణం ఉన్న పూర్తి భాష. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ (వినిపించని పిల్లల చదువు గురించిన అంతర్జాతీయ సభ) నోటి మాటతోనే చదువు చెప్పాలని తీర్మానించింది. ఆ తర్వాత ఎన్నో బడుల్లో సైగలను నిషేధించారు. ఆ తీర్మానాలను తిరస్కరిస్తున్నామని అదే మహాసభ ప్రకటించడానికి 2010 దాకా పట్టింది. 130 ఏళ్ళు! ఎన్ని తరాల పిల్లలు భాషే అందకుండా పెరిగారో తలుచుకుంటే బాధేస్తుంది.

టీచర్లకు రెండు మాటలు. "అర్థమైందా?" అని అడగకండి, అందరితో పాటు తలూపేస్తారు. "ఇప్పుడేం చేయాలో చెప్పు" అని అడగండి. టీచర్ గొంతును నేరుగా మెషిన్‌కు పంపే రిమోట్ మైక్ ఉంటే, వేరే విద్యార్థి అడిగిన ప్రశ్నను అందులో మళ్ళీ చెప్పి, ఆ తర్వాత జవాబు ఇవ్వండి. లేకపోతే ఆ పాపకు జవాబు మాత్రమే చేరుతుంది, అది దేనికి జవాబో తెలియదు.