చిట్టెలుకా, ఎలుక పిల్లా? బోను పెట్టే ముందు తేల్చుకోండి

[దృశ్యం: వంటింట్లో బియ్యం డబ్బా వెనుక చిన్న ఎలుక]

నమస్కారం. బియ్యం డబ్బా వెనుక చిన్న ఎలుక కనిపించగానే చాలామంది దాన్ని పిల్ల అనుకుని, పెద్దవి అటక మీద ఉండే ఉంటాయని భావిస్తారు. అది నిజంగానే ఎలుక పిల్ల కావచ్చు, లేదా అంతకు మించి ఎదగని చిట్టెలుక కావచ్చు. రెండూ వేర్వేరు జాతులు. నడవడి కూడా వేరు కనుక, వచ్చింది ఏదో తెలియకుండా పెట్టిన బోను ఎన్నాళ్ళైనా ఖాళీగానే ఉండిపోవచ్చు.

[దృశ్యం: రెండింటి తల, వెనుక పాదాలు, తోక దగ్గరగా]

పూర్తిగా ఎదిగిన చిట్టెలుక సాధారణంగా 12 నుంచి 30 గ్రాములే తూగుతుంది, ఇంటి ఎలుక మాత్రం 100 గ్రాములు సులువుగా దాటుతుంది. చిక్కంతా ఎలుక పిల్ల చిట్టెలుకంత ఉన్న దశలోనే వస్తుంది. అప్పుడు వెనుక పాదాలను గమనించండి: ఎలుక పిల్లకు అవి, తలతో పాటు, ఒంటికి అతకనంత పెద్దవిగా ఉంటాయి. చిట్టెలుకకు తల చిన్నది, మూతి సన్నం, ఆ తలకు చెవులు మాత్రం పెద్దవి. దాని తోక ఇంచుమించు ఒంటి పొడవే ఉంటుంది. ఎదిగిన ఇంటి ఎలుక తోక ఒంటి కంటే పొడవు.

[దృశ్యం: స్కేలు పక్కన పెంటికలు]

జంతువు కంటపడకపోయినా పెంటికలు దొరుకుతాయి, నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన ఆనవాలు ఇదే. చిట్టెలుక పెంటిక 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఉండి కొసలు సన్నబడతాయి. ఎలుకది సుమారు 12 మిల్లీమీటర్లు, అంటే కనీసం రెట్టింపు. వాటిని పొడిగా ఊడ్చకండి. బ్లీచింగ్ నీళ్ళు చల్లి, నానాక, చేతికి తొడుగు వేసుకుని తుడవండి.

[దృశ్యం: గోడ వారగా బోన్లు]

చిట్టెలుక కొత్త వస్తువు కనిపిస్తే దగ్గరికి వెళ్ళి చూస్తుంది, నాలుగు చోట్లా కొంచెం కొంచెం కొరుకుతుంది, గూటి చుట్టూ కొద్ది మీటర్లలోనే తిరుగుతుంది. అందువల్ల గోడ వారగా దగ్గర దగ్గరగా చిన్న బోన్లు చాలా పెట్టాలి, పెన్సిలు పట్టేంత సందును కూడా మూసేయాలి. ఎలుక అలా కాదు. కొత్తగా వచ్చిన వస్తువును రోజుల తరబడి అనుమానిస్తుంది. బోను బిగించకుండా ఎండుచేపో కొబ్బరి ముక్కో అందులో ఉంచి, అది భయం లేకుండా తినడం మొదలుపెట్టాకే బిగించాలి.

[దృశ్యం: వరి గట్టు మీద బొరియలు]

వరి గట్ల మీద కూడా ఇదే పరీక్ష అవసరం. చిన్న రంధ్రం, పక్కన కాస్త మన్ను ఉంటే పొలపు చిట్టెలుక కావచ్చు. పెద్ద మట్టి కుప్ప పోసి, లోపల వరి కంకులు దాచేది పందికొక్కు. కోస్తా ఆంధ్రలో యానాదులు కుండతో బొరియలోకి పొగ ఊది పట్టేది ఎక్కువగా ఈ పందికొక్కులనే. మందు పెట్టదలచిన రైతులు ముందురోజు సాయంత్రం బొరియలన్నిటినీ మట్టితో మూసి, మర్నాడు ఉదయం తెరుచుకున్న వాటిలోనే పెట్టాలి.