గోడలో బాటిల్ ఉంటుంది, బరువు మోసేది మాత్రం చట్రం

హోస్ట్: చెత్త కూరిన ప్లాస్టిక్ బాటిళ్లతో బడి కడతారంటే, ఇటుక బదులు బాటిల్ పేర్చుకుంటూ పోతారనుకుంటారు చాలామంది.

ఇంజనీర్: అక్కడే పప్పులో కాలేస్తారు. 2009లో గ్వాటెమాలాలోని గ్రనాడోస్‌లో కట్టిన బడినే తీసుకోండి, అక్కడా బరువు మోసేది స్తంభాలు, దూలాల చట్రమే. బాటిళ్లు మధ్య ఖాళీని పూడుస్తాయి, అంతే. కప్పు బరువు వాటి మీదకు రానివ్వకూడదు.

హోస్ట్: అయితే పని చట్రంతో మొదలవుతుందా?

ఇంజనీర్: తూకంతో! బాటిల్‌లో చెత్త ఎంత గట్టిగా కూరారన్నదే అసలు సంగతి. బాటిల్ బరువుతో కలిపి మిల్లీలీటరుకు 0.33 గ్రాములైనా ఉండాలి. అంటే 600 మిల్లీలీటర్ల బాటిల్ 200 గ్రాములకు తగ్గకూడదు. తక్కువ తూగితే తిప్పి పంపేయడమే, మొహమాటం వద్దు.

హోస్ట్: కూరడం ఎలాగండీ?

ఇంజనీర్: ముందు మెత్తటి కవర్లు వేసి, అడుగున గుంటలన్నీ పూడేదాకా వెదురు కర్రతో పొడవాలి. తర్వాత కొంచెం కొంచెంగా వేస్తూ, వేసినప్పుడల్లా అంచుల వెంట కర్ర తిప్పుతూ దట్టించాలి. చివర్లో ఒకేసారి అదిమితే పైన గట్టిగా ఉంటుంది, నడుము దగ్గర నొక్కితే లొట్ట పడుతుంది. చెత్త కడిగి, పూర్తిగా ఆరాకే వేయాలి. తడో, ఎంగిలి మెతుకులో లోపలుండిపోతే కుళ్లి గ్యాస్ పుడుతుంది, మూత బిగించిన బాటిల్ ఉబ్బుతుంది. గాజుపెంకులు, ఇనుప ముక్కలు అసలు వద్దు. నింపినవి నీడలో పెట్టండి. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

హోస్ట్: ఎన్ని కావాలో లెక్క?

ఇంజనీర్: బాటిల్ 6.5 సెంటీమీటర్ల లావు, 23 ఎత్తు అనుకుందాం. నిలబెడితే చదరపు మీటరుకు సుమారు 65 పడతాయి. రెండు స్తంభాల మధ్య 3 మీటర్లు, ఎత్తు 2.5 మీటర్లయితే 490 దాకా. తీసేసేవి ఎలాగూ ఉంటాయి కాబట్టి 540 సిద్ధం చేసుకోండి. రెండు స్తంభాల మధ్య గడిలో అన్నీ ఒకే ఆకారంవి వాడండి. రకరకాలవి కలిపితే గోడకు పొట్ట వస్తుంది.

హోస్ట్: తర్వాత ప్లాస్టరింగేనా?

ఇంజనీర్: ఆగండి, ముందు మెష్, అంటే ఇనుప తీగల వల. బాటిల్ నున్నగా ఉంటుంది, సిమెంటు దాన్ని పట్టుకోదు, మెష్‌ను పట్టుకుంటుంది. అందుకే రెండు వైపులా చికెన్ మెష్ బిగించి, చివర్లు స్తంభాలకు కట్టి, ఒకవైపు మెష్‌ను బాటిళ్ల మధ్య సందుల్లోంచి రెండోవైపు దానికి బైండింగ్ వైరుతో లాగి కట్టాలి. అరచేత్తో నెడితే కదలకూడదు. కదిలిందా, ఆ చోటే ప్లాస్టర్ బీటలు వారుతుంది.

మొదటి కోటు ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక. మెష్‌లోంచి సందుల్లోకి దిగేలా విసిరి కొట్టాలి. పైన గరుకుగా వదిలేయండి, నున్న చేస్తే రెండో కోటు పట్టదు. క్యూరింగ్, అంటే నీళ్లతో తడుపుతూ ఉంచడం, కనీసం 7 రోజులు. ఒక్క బాటిలూ బయటికి కనిపించకూడదు. అందం కోసం కొన్ని బాటిళ్లను కప్పకుండా వదిలేస్తుంటారు, నాకైతే అస్సలు నచ్చదు. ప్లాస్టిక్‌కు నిప్పు అంటుకుంటుంది, పైగా అది పిల్లలుండే గది.

హోస్ట్: మరి బ్లాక్‌బోర్డుకు మేకులు?

ఇంజనీర్: ఆ గోడకు మేకు కొట్టొద్దు. స్తంభం నుంచి స్తంభానికి చెక్క పట్టీ బిగించి, బోర్డు దానికి తగిలించండి. కరెంటు పైపులు కూడా స్తంభాల మీదుగానే, ప్లాస్టర్‌కు ముందే పడిపోవాలి.