బంతి అనే మాట

సభకు నమస్కారం. మన చిత్తూరు ప్రాంతపు పెళ్లిళ్లలో ‘రెండో బంతికి ఆకులు వేయండి’ అనే కేక వినని వారుండరు. నేను మాట్లాడదలచింది ఆ ‘బంతి’ గురించే.

ఇది సంస్కృత ‘పంక్తి’కి తద్భవం. భక్తి బత్తి అయినట్టే పంక్తి బంతి అయింది. పంక్తికి మూలం ఐదు అనే సంఖ్య: వేదంలో ఎనిమిదేసి అక్షరాల ఐదు పాదాలు గల ఛందస్సుకు ఆ పేరు. ఆ నలభై అక్షరాలనూ నాలుగు పాదాలకు పంచితే పాదానికి పది వస్తాయి కనుక పంక్తికి పది అనే అర్థమూ స్థిరపడింది. దశరథుణ్ణి పంక్తిరథుడనీ, రావణుణ్ణి పంక్తికంఠుడనీ కవులు అన్నది అందుకే. వరుస అనే అర్థమూ, ఆ వెంట భోజనానికి కూర్చున్న వారి వరుస అనే అర్థమూ వచ్చాయి. సరిహద్దుకు అవతల తమిళంలోనూ ఈ మాట పెళ్లి భోజనాల దగ్గరే వినిపిస్తుంది.

బంతిలో అందరికీ వడ్డన పూర్తయ్యేదాకా ఎవరూ ముద్ద కలపరు, పక్కవారు తింటుండగా లేవరు. అంత మర్యాద నేర్పిన మాటే మనుషులను వేరు చేయడానికీ పనికివచ్చింది. ధర్మశాస్త్రాలు తోటివారిని పవిత్రం చేసేవాణ్ణి పంక్తిపావనుడన్నాయి, చెరిచేవాణ్ణి పంక్తిదూషకుడన్నాయి. ‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే’ అనే సామెత పక్షపాతాన్ని ఒప్పుకుంటుంది గానీ, ఏ బంతిలోనూ చోటు దొరకని వాణ్ణి తలచుకోదు.

పంక్తి అంటేనే కలిసి కూర్చోవడం కదా, మరి సంస్కర్తలు దానికి ముందు ‘సహ’ చేర్చి సహపంక్తి భోజనం అని ఎందుకు అనవలసి వచ్చింది? పంక్తి అంటే మనవాళ్ల వరుస మాత్రమే అనే అర్థం అంతగా పాతుకుపోయింది కనుకనే అని నా అభిప్రాయం. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానంలో పక్క ఆకు ముందు కూర్చున్నది ఎవరో అడగకుండానే వేలమంది రోజూ భోంచేస్తున్నారు. ఆ భోజనశాలకు వేంకటేశ్వరుని భక్తురాలైన కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టడం నాకెంతో ఇష్టం.

నా చిన్నతనంలో మా ఊరి పెళ్లిలో పందిట్లో నాలుగు బంతులు లేచాక, అంతవరకూ డప్పు కొట్టినవారికి చింతచెట్టు కింద విస్తళ్లు పరిచారు. వాళ్లూ వరుసగానే కూర్చున్నారు. అన్నం మాత్రం గంప వంచి, చేయి తగలకుండా పైనుంచి జారవిడిచారు. ఆ వరుసను అయిదో బంతి అని ఎవరూ అనలేదు.